నీళ్ళు రుచి చూసే మనిషి

మొన్న ఆదివారం పొద్దున నత్తపిల్లల సీసా చేతిసంచిలో పెట్టుకుని గడియారస్తంభం వెనక సందులోకి వెళ్ళాను. చేపల కొట్టు షట్టరు దించి ఉంది. ఆదివారం మూసే కొట్టు కాదది. పండగకు కూడా మూసేవాడు కాదు ఆ కొట్టాయన. చేపలకు పండగేముందని అడిగేవాడు. దగ్గరికి వెళ్ళి చూస్తే షట్టరుకు కట్టిన చిన్న ఫ్లెక్సీలో ఆయన ఫొటో ఉంది. ఫొటో చుట్టూ పూలదండ బొమ్మ, కింద రెండు తేదీలు.

పక్కన జెరాక్సు కొట్టతను కాగితాలు సర్దుకుంటూనే చెప్పాడు.

"నాలుగు దినాలైందక్కా. గుండెనొప్పి అనినాడంట, ఆస్పత్రికి పోయేలోపలే పోయినాడు. నల్లమాడ పక్కన వాళ్ళ ఊరికి ఎత్తుకుపోయినారు."

"లోపల చేపలుండేవి గదా?"

"ఎవరో కావాల్సినోళ్ళు వచ్చి తీసుకుపోయినారు. తొట్లు కూడా వంచేసినారు."

"మరి నత్తలు?"

అతను అప్పుడు తలెత్తి చూశాడు. "నత్తలెవరికి కావాలక్కా?"

దానికి జవాబు చెప్పగల మనిషి ఒక్కడే ఉండేవాడు, ఆయన ఫ్లెక్సీలోకి వెళ్ళిపోయాడు. ఆయన పేరు నాకు ఆ ఫ్లెక్సీ మీదే తెలిసింది. రెండేళ్ళ పరిచయంలో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆయన నన్ను టీచరమ్మా అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. అంతకంటే అవసరం పడలేదు. బతికుండగా పిలవని పేరును ఇప్పుడు రాయబుద్ధి కావడం లేదు, అందుకే రాయను.

ఆ ఫొటో కూడా నాకు నచ్చలేదు. నోరు మూసుకుని, మెడ నిటారుగా పెట్టుకుని, ఏదో ఆఫీసులో కూర్చున్నట్టుంది. ఆయన మెడ నిటారుగా ఉండేది నిజమే కానీ అది దర్జా కాదు. మెడ తిరిగేది కాదు. చిన్నప్పటి నుంచి వాళ్ళ ఊరి ఫ్లోరైడు నీళ్ళు తాగి తాగి ఎముకలు బిగుసుకుపోయాయి. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే తల తిప్పడం కుదరదు కాబట్టి కాళ్ళ దగ్గర్నుంచి మనిషి మొత్తం తిరిగేవాడు. అందువల్ల ఆయన పలకరిస్తే పూర్తిగా పలకరించినట్టు ఉండేది. పళ్ళు గోధుమరంగు గార పట్టి ఉండేవి. వాటిని దాచుకునేవాడు కాదు. "మా ఊర్లో అందరిదీ ఇదే నవ్వు" అనేవాడు.

నేను మొదటిసారి ఆ కొట్టు మెట్లెక్కింది చేపల మీద మోజుతో కాదు. మా ఆయన బస్సు డ్రైవరు. ముప్పై ఏళ్ళు నడిపాడు, అందులో సగం కంబదూరు రోడ్డు మీదే. ఒకరోజు డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విప్పుతూ గుమ్మంలో కూలబడ్డాడు. కుడిచెయ్యి, కుడికాలు పోయాయి. మాట పోయింది. మా బడిలో సైన్సు చెప్పే ఆమె, ఇంట్లో చేపల తొట్టి పెడితే ఇట్లాంటివాళ్ళకు మనసు కుదుటపడుతుందని చెప్పింది. ఆ రోజుల్లో నాకు ఎవరేం చెప్తే అది చేసే ఓపిక ఉండేది, ఆలోచించే ఓపిక ఉండేది కాదు.

కొట్లో నా ముందు ఒక షావుకారు నిలబడి ఉన్నాడు. ఈశాన్యం మూల పెట్టడానికి బంగారురంగు చేప కావాలన్నాడు. అది చచ్చిపోతే ఇంటి కీడు దాంతో పోతుందని ఎవరో చెప్పారట.

"కీడు నీది, చావు దానిదా?" అన్నాడు కొట్టాయన. "పోప్పా, నా దగ్గర అట్లాంటి చేప లేదు."

షావుకారు గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఇట్లా అయితే ఈ మనిషి వ్యాపారం ఎట్లా చేస్తాడని నాకు అనిపించింది. ఆయన మనిషి మొత్తం నా వైపు తిరిగి, "నీకూ వాస్తుకేనా?" అని అడిగాడు. నేను సంగతి చెప్పాను. ఎనిమిది గప్పీ చేపలు, ఒక కట్ట నాచుమొక్క ఇచ్చాడు. దినానికి ఒక్కసారే చిటికెడు మేత వేయమన్నాడు.

మా ఆయన ఆ చేపల్ని చూడలేదు. కుర్చీ తొట్టికి ఎదురుగానే వేశాను. అవి అటూ ఇటూ తిరుగుతుంటే ఆయన కళ్ళు వాటి వెనకాల పోలేక అలిసి మూసుకుపోయేవి. నేను పొద్దున లేచి ఆయన్ని కడిగి, బట్టలు మార్చి, రాగిగంజి తాగించి, పగలు కూర్చునే ఆమె రాగానే బడికి పరిగెత్తేదాన్ని. తొమ్మిదో తరగతికి సంధులు చెప్పి, సాయంత్రం పరీక్ష పేపర్ల కట్టతో ఇంటికొచ్చి, మళ్ళీ ఆయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టేదాన్ని. మాకు కొళాయి మూడు రోజులకోసారి వస్తుంది. ఆ పొద్దు బిందెలు నింపుకునే పని వేరే. వీటన్నిటి మధ్య ఆ చేపలు ఒకటొకటే చచ్చిపోతుంటే బాధ కలగలేదు, ఒక పని తగ్గిందనే అనిపించింది. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

రెండు చేపలు మిగిలిన రోజుల్లో ఒక సాయంత్రం తొట్టి గాజు మీద రాగిగింజలంత చుక్కలు కనపడ్డాయి. పాచి అనుకున్నాను. తడిగుడ్డ తెచ్చి తుడవబోయాను. వెనక నుంచి "ఊఁహూఁ" అని వినపడింది.

తిరిగి చూశాను. మా ఆయన కళ్ళు గాజు మీదున్నాయి. చుక్కల్లో ఒకటి మెల్లగా పైకి పాకుతోంది, ఆయన చూపు దాని వెంటే పాకుతోంది. చేపలు అందని కళ్ళకు అది అందింది. నేను మళ్ళీ గుడ్డ ఎత్తాను, కావాలనే. మళ్ళీ "ఊఁహూఁ" అన్నాడు. ఎనిమిది నెలల్లో ఆయన దేన్నైనా వద్దనడం అదే మొదలు. అన్నం పెడితే తిన్నాడు, మందు పోస్తే మింగాడు, తిప్పితే తిరిగాడు. వద్దనలేదు, కావాలనలేదు. ఆ రాత్రి వంటింట్లో నిలబడి కాసేపు ఏడ్చాను, ఎందుకో తెలిసే ఏడ్చాను.

కానీ అవి ఏమిటో తెలియదు. పురుగులైతే ఏం చేయాలి, రోగం తెచ్చేవైతే ఏం చేయాలి, రేపటికి చచ్చిపోతే ఏం చేయాలి? మర్నాడు రెండింటిని బిళ్ళల సీసాలో తొట్టినీళ్ళతో సహా వేసుకుని, బడి వదలగానే కొట్టుకు వెళ్ళాను.

ఆయన సీసా మూత తీశాడు. చిటికెనవేలు నీళ్ళలో ముంచి నాలుకకు రాసుకున్నాడు. ఆయన కళ్ళు మూసుకుని రెండుసార్లు చప్పరించి, "రైలుకట్టకు అవతల. మిట్ట మీది బోరు. అవునా?" అన్నాడు.

అవును. మా ఇల్లు అక్కడే.

తర్వాత తెలిసింది, అది ఆయన అలవాటని. ఎవరు సీసాతో నీళ్ళు తెచ్చినా ముందు నాలుకకు రాసుకుని ఏ పక్క బోరో చెప్పేవాడు. తప్పింది నేను చూడలేదు. ఇదెట్లా వచ్చింది అన్నా అంటే, "మా ఊర్లో ఎనిమిది బోర్లేసినారు. ఏ బోరు ఎప్పుడు ఎండుతాదో, ఏది ఎంత ఉప్పగుంటాదో నాలుకతోనే తెలుసుకున్యాం. వేరే చదువు యాడుండాది?" అనేవాడు.

ఆరోజు ఒక నత్తపిల్లను బొటనవేలి గోరు మీద పెట్టుకుని భూతద్దం నాకిచ్చాడు. "చూడు."

చూశాను. "నత్త."

"చూడలేదు నువ్వు. మళ్ళ చూడు."

సొరుగులోంచి బూడిదరంగు గుల్ల ఒకటి తీశాడు, నిమ్మకాయంత. వాళ్ళ బావిలోదట. నీళ్ళు పూర్తిగా పోయిన సంవత్సరం బావి అడుగున అట్లాంటి గుల్లలు కుప్పగా పడి ఉంటే వాళ్ళ నాయన గోనెసంచికెత్తి చేనుకు చల్లాడట. ఒక్కటి ఈయన దాచుకున్నాడు. దాని మొనను పైకి పెట్టి, నోటిని నా వైపు తిప్పాడు.

"నోరు ఏ పక్కుండాది?"

"కుడిపక్క."

"ఇప్పుడు నీ దాన్ని అట్లనే పట్టుకున్యామనుకో. నోరు యాడుండాది?"

భూతద్దంలో కళ్ళు నొప్పి పుట్టేదాకా చూశాను. ఎడమపక్క ఉంది. రాగిగింజంత గుల్లకు అంత స్పష్టమైన నోరు ఉంటుందని నేను అనుకోలేదు.

"చక్కిలం మాదిరి చదునుగా చుట్టుకుంటే అదొక జాతి. మొన పొడుగ్గా ఉండి గులకరాళ్ళలో దూరితే ఇంకొకటి. మొనుండి నోరు ఎడమకుంటే ఇది. నేనిచ్చిన నాచుకు గుడ్లు అంటుకోనుంటాయి, జిగటగా, కనపడవు. నీకు చెప్పకుండా వచ్చిన చుట్టాలు." అని దాన్ని జాగ్రత్తగా సీసాలోకి దింపాడు. "ఎవరికీ ఏం చెయ్యవు. పాచి తింటాయి. మందెయ్యమని వచ్చినావా?"

"లేదన్నా. చావకుండా ఉండాలని వచ్చినా."

ఆయన చేతిలో పని ఆపి నన్ను చూశాడు. నత్తల కోసం ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళందరూ చంపే మందుకే వస్తారట. నేను మా ఆయన చూపు సంగతి, "ఊఁహూఁ" సంగతి చెప్పాను. ఆయన ఓదార్చలేదు. "ఏ పక్క పడింది అన్నకు?" అన్నాడు.

"కుడి."

"అయితే ఎడమ బాగుండాది" అన్నాడు. అంతమంది డాక్టర్లు పోయినదాన్ని చెప్పారు, ఉన్నదాన్ని చెప్పింది ఈయనే.

తర్వాత ఏం చేయాలో చెప్పాడు. నీళ్ళు లాగే మోటరు నోటికి స్పాంజిముక్క కట్టాలి, లేకపోతే పిల్లలు లోపలికి పోయి చస్తాయి. బీరకాయ ముక్క ఉడకబెట్టి చల్లార్చి వేయాలి, మిగిలింది మర్నాడు తీసేయాలి. మేత ఎక్కువైతే పిల్లలు ఎక్కువవుతాయి. వారానికోసారి పావు వంతు నీళ్ళు మార్చాలి. ఏ నీళ్ళో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. తప్పు అక్కడ జరిగింది.

మా ఊళ్ళో మనిషికి మర్యాద చేయడమంటే మొదట నీళ్ళ విషయంలోనే తెలుస్తుంది. బోరు నీళ్ళు గిన్నెలకు, బట్టలకు, కాళ్ళు కడుక్కోవడానికి. కాస్తే గిన్నెకు తెల్లపొర కడుతుంది, తాగితే పళ్ళు గార పడతాయి. ఇంటికొచ్చినవాళ్ళకు ఫిల్టరు క్యానులోంచి గ్లాసు నింపి ఇస్తాం. గ్లాసు బోరునీళ్ళు ఇచ్చిన ఇంటి గురించి పదేళ్ళు చెప్పుకుంటారు. మా ఆయన ఎనిమిది నెలల తర్వాత కళ్ళెత్తి చూసింది ఆ నత్తల్ని. వాటికి నేను బోరునీళ్ళు పోస్తానా? తొట్టికి క్యాను నీళ్ళే పోశాను. రోజుకు రెండు చెంబుల చొప్పున మార్చేశాను, వారం దాకా ఆగలేదు. క్యాను మోసి మోసి భుజం పట్టేసింది. నేను తాగడానికి కొళాయినీళ్ళు కాచుకున్నాను. తొట్టి గాజు తళతళలాడింది, ఒక్క తెల్లచార లేదు. చాలా గొప్పగా అనిపించింది నాకు.

నెల తిరిగేసరికి నత్తలు జొన్నగింజంత అయ్యాయి. కానీ గుల్లల మొన మీద తెల్లటి మచ్చలు వచ్చాయి. మచ్చలు గుంటలయ్యాయి. ఒక పొద్దున ఖాళీ గుల్ల ఒకటి నీళ్ళ మీద తేలింది. మర్నాడు మూడు తేలాయి. మా ఆయన చూపు గాజు మీద కింద నుంచి పైదాకా వెతికి, ఏమీ దొరక్క కళ్ళు మూసుకోవడం నేను చూశాను. సాయంత్రానికి మళ్ళీ తెరిచాడు, మళ్ళీ వెతికాడు, మళ్ళీ మూసుకున్నాడు. మూడోరోజు అన్నం దగ్గర కూడా కళ్ళు తెరవలేదు. నాకు భయం వేసింది. ఈసారి మూసుకుంటే ఇంకెప్పుడూ తెరవడేమో అనిపించింది.

కొట్టుకు ఫోను చేశాను. "సీసాలో తెస్తానన్నా" అంటే, "వద్దు. నేనే వస్తా" అన్నాడు. పండగకు మూయని కొట్టు మూసి, మోపెడ్ మీద మధ్యాహ్నం ఎండలో వచ్చాడు. తలకు తువాలు చుట్టుకుని గుమ్మంలో నిలబడి, "టీచరమ్మా, ఒక స్పూను ఇయ్యి" అన్నాడు. నమస్కారం లేదు, కుశలం లేదు.

స్పూనుతో తొట్టినీళ్ళు తీసి నోట్లో వేసుకున్నాడు. చప్పరించాడు. ఇంకో స్పూను వేసుకున్నాడు. మొదటిసారి ఆయన నాలుక ఏమీ చెప్పలేకపోవడం చూశాను.

"ఇది యాడి నీళ్ళు?"

"ఫిల్టరు క్యానువన్నా. మేము కూడా తాగకుండా వాటికే పోస్తాండా."

ఆయన గారపళ్ళన్నీ కనపడేట్టు నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

"గుల్ల దేంతో కట్టుకుంటాదనుకున్యావు?" అన్నాడు. "నీ గిన్నెకు తెల్లపొర పడతాదే, ఆ సున్నంతోనే. నీళ్ళలో అది లేకపోతే ఉన్న గుల్లే కరిగిపోతాది. ఆ ఫిల్టరోళ్ళు అదంతా తీసేసి నీకిచ్చినారు. నువ్వు దీనికి తెచ్చి పోసినావు. అన్నం ఎత్తేసి ఉత్త పళ్ళెం పెట్టినట్టు."

"ఆ బోరునీళ్ళు తాగే గదన్నా నీ మెడ..." అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

"అవును" అన్నాడు మామూలుగా. "నా ఎముకలు చెడిపోయినాయి. దాని గుల్ల గట్టిపడతాది. ఎవరు తాగుతాండారో నీళ్ళకేం తెలుసు?"

నేను వెంటనే బోరు బకెట్టు తెచ్చి పోయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఒకేసారి మార్చితే ఉన్నవి కూడా చస్తాయట. దినానికి ఒక చెంబు బోరునీళ్ళు, అంతే. కోడిగుడ్డు పెంకు కడిగి ఎండబెట్టి పొడి చేసి చిటికెడు వేయమన్నాడు. "నెల పడతాది. తొందరేముండాది?" అన్నాడు. తొందరేముండాది అనేది ఆయన ఊతపదం. నాకు ఆ మాటంటే మంట. తొందర లేని రోజు నాకొక్కటి లేదు.

వెళ్ళిపోతాడనుకున్నాను. ప్లాస్టిక్ స్టూలు ఒకటి లాక్కుని మా ఆయన పక్కన, ఎడమవైపు వేసుకుని కూర్చున్నాడు. నడుం వంగదు, అందుకని మోకాళ్ళు ముందుకు చాపి అదో మాదిరిగా కూర్చున్నాడు. మా ఇంటికొచ్చినవాళ్ళు మా ఆయనతో గట్టిగా, చిన్నపిల్లవాడితో మాట్లాడినట్టు మాట్లాడేవాళ్ళు, లేకపోతే అసలు మాట్లాడకుండా నాతోనే ఆయన గురించి మాట్లాడేవాళ్ళు. ఈయన మామూలు గొంతుతో అడిగాడు.

"ఏమప్పా డ్రైవరన్నా, ఒకటి బతికుండాది ఇంగా. నాకు కనపడలేదు. యాడుండాది?"

"స్పాంజి పక్కన ఉందన్నా, నేను పొద్దున చూసినా" అన్నాను.

ఆయన స్టూలుతో సహా నా వైపు తిరిగాడు. "నిన్నడగలేదు. అన్ననడిగినా."

మళ్ళీ అటు తిరిగి కూర్చున్నాడు. గోడగడియారం వినపడుతోంది. బయట కూరగాయల బండివాడు రెండు వీధులు తిరిగి వెళ్ళిపోయాడు. పొయ్యి మీద పప్పు ఉంది, నేను వెళ్ళి దించి వచ్చాను. ఇద్దరూ అట్లాగే ఉన్నారు. నాకు ఆ మనిషి మీద కోపం వచ్చింది. మాటరాని మనిషిని అడిగి కూర్చోవడం ఏం మర్యాద అనుకున్నాను.

అప్పుడు మా ఆయన కళ్ళు తెరిచాడు. కుర్చీ చేతి మీద ఎడమచేతి చూపుడువేలు కదిలింది. కొంచెం లేచింది, పడిపోయింది, మళ్ళీ లేచింది. స్పాంజి వైపు చూపించింది.

"ఆఁ. ఈడుండావా" అన్నాడు కొట్టాయన నత్తతో. మా ఆయన్ని మెచ్చుకోలేదు, చప్పట్లు కొట్టలేదు. లేచి తువాలు చుట్టుకున్నాడు. గుమ్మం దగ్గర నన్నడిగాడు.

"టీచరమ్మా, బడిలో పిల్లోళ్ళను ప్రశ్న అడిగితే జవాబుకు ఎంతసేపు చూస్తావు?"

నేను ఆలోచించాను. నిజం చెప్పాలంటే చూడను. ఒకరు చెప్పకపోతే పక్కవాళ్ళను అడుగుతాను, వాళ్ళూ చెప్పకపోతే నేనే చెప్పేసి ముందుకు పోతాను. సిలబస్ అవ్వాలి గదా. ఇంట్లో కూడా అదే చేస్తున్నాను. ఆకలైందా అని అడుగుతాను, అడుగుతూనే ముద్ద నోట్లో పెడతాను.

"చూడనన్నా" అన్నాను.

"చూడాల" అని మోపెడ్ ఎక్కాడు.

ఆ ఒక్క నత్త బతికింది. బోరునీళ్ళలో దాని గుల్ల కొత్తగా పెరిగింది. పాత గుంటల దగ్గర ఒక గీత పడి, ఆ గీత తర్వాత నున్నగా, గోధుమరంగులో వచ్చింది. ఆ జాతిలో ఒక్కటే ఉన్నా గుడ్లు పెడుతుందని కూడా ఆయనే చెప్పాడు. నాచు ఆకుల కింద జిగట చుక్కలు నేను పట్టుకోలేకపోయాను. మా ఆయన వేలు చూపించింది. తర్వాత ఆ వేలు మంచినీళ్ళ చెంబు చూపించింది, కిటికీ చూపించింది, ఒకరోజు నా చేతిలో పేపర్ల కట్టను చూపించి, పక్కన పెట్టమన్నట్టు కిందికి చూపించింది. మాట రాలేదు. ఇక రాదని డాక్టరు చెప్పాడు. కానీ ఇంట్లో రెండో మనిషి ఉన్నాడని నాకు తెలిసేది. కొన్ని రోజులు అది చాలేది, కొన్ని రోజులు చాలేది కాదు.

పిల్లలు ఎక్కువైతే ఆదివారం సీసాలో వేసుకుని కొట్టుకు తీసుకెళ్ళేదాన్ని. ఆయన మూత తీసి, వేలు ముంచి, నాలుకకు రాసుకుని, "సరిపోయింది" అనేవాడు. గాజుకు పాచి పట్టిన ఎవరో ఒకరి తొట్టికి వాటిని పంపేవాడు. నెలకోసారి మా ఇంటికి వచ్చేవాడు. స్టూలు ఎడమవైపు వేసుకుని, "యాడుండాదన్నా?" అని అడిగి కూర్చునేవాడు. ఒక్కోసారి అరగంట పట్టేది. నేను ఆ అరగంటలో వంట చేసుకునేదాన్ని, బట్టలు మడిచేదాన్ని. ఆయన అడిగాక జవాబు కోసం చూసినంతసేపు నేను ఒక్కసారి కూడా కూర్చోలేదు. అది ఆయన పని అని వదిలేశాను. చూసేవాడు ఒకడున్నాడు గదా, నాకొక పని తగ్గింది అనుకున్నాను.

మొన్న ఆదివారం ఆ షట్టరు ముందు నాకు తోచింది ఇదే. ఇప్పుడు ఎవరు అడిగి కూర్చుంటారు?

సీసా పట్టుకుని ఇంటికొచ్చాను. ఎండ అప్పటికే ముదిరింది. మా ఆయన కుర్చీలో ఉన్నాడు. నా చేతిలో సీసా చూశాడు. పొద్దున నిండుగా తీసుకెళ్ళింది నిండుగానే తిరిగొచ్చింది.

"కొట్టు మూసినారు" అన్నాను. అబద్ధం కాదు గదా అనుకుంటూ వంటింట్లోకి వెళ్ళబోయాను.

"ఊఁ" అన్నాడు.

ఆగాను. ఎడమచేతి వేలు లేచింది. సీసాను చూపించలేదు, తొట్టిని చూపించలేదు. పక్కనున్న ప్లాస్టిక్ స్టూలును చూపించింది. చూపించి, అక్కడే నిలిచింది. అంతసేపు ఆ వేలు గాలిలో నిలవడం నేనెప్పుడూ చూడలేదు, చివర్లో వణుకుతోంది కానీ దించడం లేదు. ఆయన నా మొహం చూస్తున్నాడు. రెండేళ్ళు అడిగించుకున్న మనిషి ఇప్పుడు అడుగుతున్నాడు, అడిగి జవాబుకు చూస్తున్నాడు. ఈసారి ఆయన తరఫున నేను చెప్పేయడానికి లేదు. నా జవాబు నేనే చెప్పాలి.

నాకు చాలాసేపు పట్టింది. ఆయన తొందరపెట్టలేదు.

"లేడు" అన్నాను చివరికి. "పోయినాడు. నాలుగు దినాలైందంట."

వేలు మెల్లగా కుర్చీ చేతి మీదికి దిగింది. ఆయన కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఎడమ కంటివి ఆయనే తుడుచుకున్నాడు, కుడి కంటివి నేను తుడిచాను. తర్వాత ఆయన వేలు సీసా మీదికి, అక్కడి నుంచి తొట్టి మీదికి వెళ్ళింది.

మూత తీశాను. ఏమనుకున్నానో ఏమో, చిటికెనవేలు ముంచి నాలుకకు రాసుకున్నాను. ఉప్పగా, సున్నంగా, నాకు తెలిసిన మా మిట్ట మీది బోరే. సీసా తొట్టిలోకి వంచాను. రాగిగింజలన్నీ విడిపోయి అడుక్కి దిగాయి.

కూర పొయ్యి మీద పెట్టాలి. సోమవారానికి నలభై పేపర్లు దిద్దాలి. కొళాయి వచ్చే రోజు కూడా అదే. స్టూలు లాక్కుని ఆయనకు ఎడమవైపు కూర్చున్నాను.

"యాడుండాయి?" అని అడిగాను. అడిగి, కూర్చున్నాను.